మూడో గుర్రం

చిరంజీవికి ఆశీస్సులు.

గోడ మీంచి పడ్డ హంప్టీ డంప్టీని రాజుగారి గుర్రాలూ సైనికులూ కలిసి కూడా అతకలేకపోయారనే ఇంగ్లిష్ పిల్లల గేయం మీద నువ్వు రాసిన నాటకం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మూడో గుర్రం కోసం. "మాకు చేతులు లేవు కదా ప్రభూ" అని అది తల దించుకునే చోట కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇక మిగతా 37 పేజీలు.

హంప్టీ డంప్టీకి తల్లి ఎందుకు? అతడు గోడ ఎక్కింది పేదరికం వల్లనని నీకు ఎవరు చెప్పారు? అది చాలదన్నట్టు, హంప్టీ అంటే 1648లో ఇంగ్లండ్‌లోని కోల్‌చెస్టర్ పట్టణం ముట్టడిలో కూలిన ఫిరంగి అని సూత్రధారుడి చేత పేజీ పొడవునా చెప్పించావు. ఆ కథకు ఆనాటి ఆధారం ఏదీ లేదు. అది పొడుపు కథ నాయనా, విడుపు గుడ్డు! గేయం మొత్తం వెతుకు, గుడ్డు అన్న మాటే కనబడదు. విప్పడం చూసేవాడి పని, నీది కాదు.

1797లో అచ్చయిన పాఠంలో గుర్రాలు కూడా లేవు. ఎనభై మంది మనుషులు, మరో ఎనభై మంది, అంతే. ఆ తర్వాత ఎవరో గుర్రాలను తోలుకొచ్చారు. పెంకులు అతకడానికి గుర్రాలు! ఆ అనామకుడికి రంగస్థలం తెలుసు.

1868లో న్యూయార్క్ ఒలింపిక్ థియేటర్‌లో మూకాభినయ నటుడు జార్జ్ ఫాక్స్ 'హంప్టీ డంప్టీ' మొదలుపెడితే 483 ప్రదర్శనలు నడిచింది. గేయం అందులో ఒక సాకు. హంప్టీ కాస్తా విదూషకుడైపోతాడు. ముఖానికి తెల్లరంగు, నోట మాట లేదు, ఒకటే పరుగులు, తన్నులు. ఎందుకు పడ్డాడని అతన్ని ఎవరూ నిలదీయలేదు.

నన్ను నిలదీశారు. ఒక పిల్లల పత్రిక సంపాదకుడు నా నాటిక మీద "నీతి ఏది?" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడు. నీతి అతికించి పంపితే వేశాడు. సిగ్గుతో దాన్ని ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పుడు నీతి పోయి 'పాత్ర నేపథ్యం' వచ్చింది. రోగం అదే.

ఒక బడి వార్షికోత్సవానికి వెదురు బద్దలతో గుడ్డు కట్టించాను. లోపలి పిల్లవాడు గోడ ఎక్కకముందే దొర్లిపడ్డాడు. సైనికులు మాటలు మరిచిపోయి లేపబోతే మళ్లీ దొర్లాడు. జనం పడీ పడీ నవ్వారు. అంతలో గుడ్డులోంచి ఏడుపు వినబడింది. నవ్వు ఠక్కున ఆగింది. ముగింపు ప్రసంగం నాలుగు పేజీలు పట్టుకుని నేను తెర వెనకే నిలబడిపోయాను.

తల్లినీ ఫిరంగినీ తీసేసి మళ్లీ పంపు. మూడో గుర్రాన్ని ముట్టుకోకు. మొదటి రెండూ ఎందుకున్నాయో మాత్రం నాకు అర్థం కాలేదు.