ఉల్కల ప్రాజెక్టుకు దిగేముందు

విశాఖపట్నం

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

సైన్స్ ఫెయిర్‌కి ఉల్కల మీద ప్రాజెక్టు చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. మంచి అంశం ఎంచుకున్నావు. చార్టు మీద "గాలి రాపిడికి ఉల్క మండిపోతుంది" అని మాత్రం రాయకమ్మా. అంత వేగంతో రాయి దూసుకొస్తుంటే ఎదురుగా ఉన్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధే దొరకదు. అక్కడికక్కడే నలిగి వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. రాయిని ముఖ్యంగా కాల్చేదీ, పగలగొట్టేదీ ఆ నలిగిన గాలే. రాపిడి వాటా చాలా తక్కువ.

ఇది చూపించడానికి సైకిల్ పంపు చాలు. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కి, గాలి కొద్దికొద్దిగా మాత్రమే తప్పించుకునేలా ముప్పైసార్లు వేగంగా కొట్టు. పంపు అడుగుభాగం వెచ్చబడుతుంది. పూర్తిగా మూసేస్తే అదే గాలి మళ్లీ వ్యాకోచించి చల్లబడుతుంది, ఫలితం సరిగా రాదు. నెమ్మదిగా కొట్టినా అంతే. "ఆ వేడి లోపలి వాషర్ రాపిడిది కాదా?" అని జడ్జీలు తప్పక అడుగుతారు. అందుకే పంపు చల్లారాక మూతి తెరిచి మరో ముప్పైసార్లు కొట్టి, రెండు ఉష్ణోగ్రతలూ పక్కపక్కన రాయి.

ఇక లెక్క. రాయి ముందు మొహం మీద పడే ఒత్తిడి సుమారుగా గాలి సాంద్రతను వేగవర్గంతో గుణిస్తే వస్తుంది. పుస్తకంలోని ఇలాంటి సూత్రంలో ముందు కనిపించే "సగం" (½) ఇక్కడ పెట్టకు. ధ్వనికి ఎన్నో రెట్ల వేగంలో దాదాపు పూర్తి విలువే పడుతుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన, సుమారు 20 మీటర్ల రాయిని తీసుకో. దాని వేగం సెకనుకు 19 కిలోమీటర్లు. ముందు దాన్ని 19,000 మీటర్లుగా మార్చు, లేకపోతే జవాబు పది లక్షల రెట్లు తప్పుతుంది. 60 కిలోమీటర్ల ఎత్తున ఘనపు మీటరు గాలి బరువు 0.0003 కిలోలు. ఒత్తిడి మన నేలమీది వాతావరణ పీడనమంత వస్తుంది. 45 దగ్గర 0.002 కిలోలు, ఒత్తిడి ఏడు రెట్లు. 30 దగ్గర 0.018, ఒత్తిడి 64 రెట్లు. అక్కడికి వచ్చేసరికి వేగం కాస్త తగ్గి ఉంటుంది కనుక చివరి అంకె కొంచెం ఎక్కువే.

నీ ప్రాజెక్టుకు ప్రాణం ఇక్కడుంది. మంచి గ్రానైట్ వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైగా తట్టుకుంటుంది. మరి ఆ ఉల్క 45కీ 30కీ మధ్యే ఎందుకు ముక్కలైంది? పాత ఢీకొట్టుళ్లతో ఏర్పడిన పగుళ్లు ఒక కారణం. ఇంకొకటి 2017లో పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో చూపించారు. ముందువైపు విపరీతమైన ఒత్తిడి, వెనకవైపు దాదాపు శూన్యం. ఆ తేడా వల్ల గాలి రాతి రంధ్రాల్లోకి చొరబడి, లోపలినుంచి విడగొడుతుంది.

కైలాసగిరి కింద రాలిపడి, ఎండావానలకు బాగా మెత్తబడిన ఖొండలైట్ (మన కొండల్లో ఉండే రాయి) ముక్కనొకటి, గ్రానైట్ పలక ముక్కనొకటి తెచ్చి బల్లమీద పెట్టు. రెండింటి మీదా నీటిచుక్క వెయ్యి. గ్రానైట్ మీద నిలుస్తుంది, ఖొండలైట్ పీల్చుకుంటుంది. గాలికి దారి ఎలా దొరుకుతుందో అప్పుడు వివరించు. రాళ్లు ముందురోజే ఎండలో పెట్టు. మన సముద్రపు తేమకి నెమ్మెక్కితే చుక్క సరిగా ఇంకదు.

మరి వ్యోమనౌక ఎలా తట్టుకుంటుందని అడుగుతారు. వెడల్పాటి మొద్దు మొహం ఆఘాత తరంగాన్ని, అంటే గాలి ఒక్కసారిగా నలిగే హద్దును, ఒంటికి అంటుకోనివ్వకుండా ముందుకు నెట్టి ఉంచుతుంది, వేడిలో ఎక్కువ భాగం గాలిలోనే పోతుంది. 2024 డిసెంబరులో మన విశాఖ తీరానికి ఆవల నౌకాదళం, ఇస్రో కలిసి ఓడలోకి ఎక్కించి చూసిన గగన్‌యాన్ మాడ్యూల్ నమూనాది కూడా అదే ఆకారం. నువ్వు అట్టతో బొమ్మ చేస్తే వెడల్పు వైపు కిందికి వచ్చేలా అతికించు.

మీ పెదనాన్న