రేసింగ్ టీమ్‌కు చవక వాకీటాకీలు: హ్యామ్ లైసెన్స్ ఒక్కటి ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. సొంత డబ్బుతో ఒక పాత కారును రేసింగ్‌కు తయారు చేసుకుని, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో పాల్గొంటున్నాం. పిట్ (ట్రాక్ పక్కన కారు ఆపి సర్వీసు చేసే చోటు) నుంచి డ్రైవర్‌తో మాట్లాడటానికి రేడియోలు కావాలి. రేసింగ్ కోసమని అమ్మే సెట్లు మా బడ్జెట్‌లో లేవు. ఆన్‌లైన్‌లో మాత్రం చాలా చవకగా వాకీటాకీలు దొరుకుతున్నాయి. వాటిలో ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది పెట్టుకోవచ్చట. మాలో ఒకరికి హ్యామ్ లైసెన్స్, అంటే అభిరుచి కోసం రేడియో నడిపే అనుమతి ఉంది. దాని మీద మేమంతా వాడుకోవచ్చా? పట్టుబడితే ఏమవుతుంది? వేరే దేశంలో రేసుకు వెళ్తే ఇవే రేడియోలు పనికొస్తాయా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ స్నేహితుడి హ్యామ్ లైసెన్స్ మీ టీమ్ మొత్తానికి వర్తించదు. అది పరీక్ష రాసి పాసైన ఆ ఒక్క మనిషికి ఇచ్చిన అనుమతి. కారులో ఒంటరిగా కూర్చున్న డ్రైవర్ బటన్ నొక్కినప్పుడు ఆ ప్రసారం చేస్తున్నది డ్రైవర్. లైసెన్స్ ఉన్నాయన పిట్‌లో ఉంటే, కారులోని రేడియో ఆయన అదుపులో ఉన్నట్టు కాదు. అమెరికా నియమాల్లో లైసెన్స్ లేనివాళ్లు హ్యామ్ రేడియోలో మాట్లాడే వీలు ఉంది. అయితే లైసెన్స్ ఉన్న వ్యక్తి ఆ రేడియోను తన అదుపులో పెట్టుకుని ఉండాలి. గంటకు వంద మైళ్ల వేగంతో వెళ్తున్న కారు విషయంలో అది కుదిరే పని కాదు.

రెండో అభ్యంతరం డబ్బు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల ప్రకారం హ్యామ్ సర్వీసు ఉన్నది సొంతంగా నేర్చుకోవడానికి, సాంకేతిక ప్రయోగాలకు, హ్యామ్‌లు తమలో తాము మాట్లాడుకోవడానికి. అందులో డబ్బు లాభం ఉండకూడదు. మీరు నలుగురూ పరీక్ష రాసి, ఎవరి లైసెన్స్ వాళ్లు తెచ్చుకుని, కేవలం సరదా కోసం రేసులకు వెళ్తున్నారంటే కొన్ని దేశాల్లో వాదించడానికి చోటు ఉంటుంది. కారు మీద స్పాన్సర్ స్టిక్కర్ పడినా, ప్రైజ్ మనీ చేతికొచ్చినా ఆ వాదన బలహీనపడుతుంది. మీరు ఈ దారి మీద ఆధారపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక రేడియోల సంగతి. మీరు ఏ దేశంలో రేసు చేస్తారో రాయలేదు కాబట్టి అన్నిచోట్లా వర్తించే సూత్రంతో మొదలుపెడతాను. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ లేకుండా ప్రైవేటు వ్యక్తి ఎవరూ ప్రసార కేంద్రం నడపకూడదని అదే రేడియో నిబంధనల్లోని 18వ ఆర్టికల్ చెబుతుంది. చేతిలో పట్టే వాకీటాకీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందువల్ల ప్రతి సెట్‌కూ రెండింట్లో ఒకటి ఉండాలి: మీకు వర్తించే లైసెన్స్, లేదా ఆ దేశం అందరికీ కలిపి ఇచ్చిన మినహాయింపు. మినహాయింపు అంటే చాలామంది ఫ్రీక్వెన్సీ వరకే చూస్తారు. నిజానికి అది ఫ్రీక్వెన్సీ, పవర్, యాంటెనా, ఆ రేడియో మోడల్‌కు ఉన్న ధ్రువీకరణ, ఈ నాలుగూ కలిస్తేనే వర్తిస్తుంది.

మీరు చూసిన చవక సెట్లు తట్టుకోలేనిది ఇక్కడే. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి రేడియోలో కీప్యాడ్ నుంచే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అనే బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీల శ్రేణుల్లో) చాలా చోట్లకు వెళ్లవచ్చు. లైసెన్స్ ఉన్న హ్యామ్ చేతిలో అది మంచి పనిముట్టే. లైసెన్స్ అక్కర్లేని చానల్‌కు తిప్పి తక్కువ పవర్‌లో వాడినంత మాత్రాన, ఆ మోడల్‌కు తగిన ధ్రువీకరణ లేకుండా అది మినహాయింపు రేడియో అయిపోదు. అమెరికాలో రేడియోలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఇలాంటి సెట్ల అమ్మకం, వాడకం గురించి 2018లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. 'మేం ఎవరికీ అడ్డు రాలేదు కదా' అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది గానీ, తప్పు జరగలేదని చెప్పడానికి పనికిరాదు.

తక్కువ ఖర్చుతో చట్టబద్ధంగా వెళ్లే దారి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో సాధారణ ప్రజలు వాడే రేడియో సర్వీసులు మూడు ఉన్నాయి: ఎఫ్ఆర్ఎస్, మర్స్, జీఎంఆర్ఎస్. ఎఫ్ఆర్ఎస్‌కు లైసెన్స్ అక్కర్లేదు, చానల్‌ను బట్టి అర వాట్ లేదా 2 వాట్ల పవర్ వాడవచ్చు. అయితే దాని యాంటెనా ఊడదీసే రకంగా ఉండకూడదు. చుట్టూ రోల్ కేజ్, అంటే డ్రైవర్‌ను కాపాడే ఇనుప చట్రం ఉన్న కారు లోపలి నుంచి ఆ చిన్న యాంటెనాతో మాట్లాడితే ట్రాక్ అవతలి మూల నుంచి మాట సగం సగమే వినిపిస్తుంది. చట్టం పెట్టిన ఈ ఒక్క షరతే రేసులో మీ అనుభవాన్ని నిర్ణయిస్తుంది. అందుకే నేను మర్స్ వైపు చూడమంటాను. అవి 151, 154 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్న 5 చానళ్లు, పవర్ 2 వాట్ల వరకు. లైసెన్స్ అక్కర్లేదు, బయటి యాంటెనా పెట్టుకోవచ్చు. కారు పైకప్పు మీద చిన్న యాంటెనా పెట్టుకోగలగడం ఆ 2 వాట్ల పవర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఇంకా బలం కావాలంటే జీఎంఆర్ఎస్ ఉంది. పరీక్ష లేదు, ఫీజు 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది. ఒకరి లైసెన్స్ కింద ఆయన కుటుంబ సభ్యులు వాడవచ్చు, స్నేహితులు వాడకూడదు. కాబట్టి మీ నలుగురికీ నాలుగు లైసెన్సులు కావాలి. పదేళ్లకు పంచుకుంటే అదేమంత భారం కాదు.

యూరప్‌లో పీఎంఆర్ 446 అనే లైసెన్స్ అక్కర్లేని సర్వీసు ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్, అర వాట్, విడిగా తీయలేని యాంటెనా. ఎఫ్ఆర్ఎస్‌లో చెప్పిన ఇబ్బందే ఇక్కడా ఉంటుంది. చిన్న ట్రాక్ అయితే సరిపోవచ్చు. బ్రిటన్‌లో దానికంటే మెరుగైంది కావాలంటే అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఇచ్చే సింపుల్ యూకే లైట్ లైసెన్స్ తీసుకోవచ్చు. భారత్ కూడా 2018 నియమాలతో అదే 446.0-446.2 బ్యాండ్‌కు మినహాయింపు ఇచ్చింది. ఆ బ్యాండ్ దాటిన వాకీటాకీకి సాధారణంగా లైసెన్స్ తప్పదు. సెట్‌కు ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. అది లేని వాకీటాకీలు అమ్మకుండా, ఫ్రీక్వెన్సీ వివరాలు దాచకుండా 2025లో ఆన్‌లైన్ అమ్మకందారులకు మార్గదర్శకాలు కూడా వచ్చాయి. భారత్‌లో ఇంకో జాగ్రత్త అవసరం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం రేడియోను వాడటానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా అనుమతి కావాలంది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అదే పద్ధతి పాటించింది. 'స్విచ్ ఆన్ చేయలేదు' అనే సమాధానం అక్కడ నిలబడదు.

దీన్నిబట్టి మీ మూడో ప్రశ్నకు జవాబు తెలిసే ఉంటుంది. ఒక దేశంలో సక్రమంగా కొన్న రేడియో ఇంకో దేశంలో నేరానికి దారితీయవచ్చు. యూరప్‌లో ఎవరైనా వాడే 446 మెగాహెర్ట్జ్ అమెరికాలో హ్యామ్ బ్యాండ్‌లో పడుతుంది. అమెరికాలో పిల్లలు కూడా ఆడుకునే 462 మెగాహెర్ట్జ్ ఎఫ్ఆర్ఎస్ సెట్‌కు యూరప్‌లో మినహాయింపు లేదు. విదేశీ రేసుకు వెళ్తే రేడియోలు అక్కడే అద్దెకు తీసుకోండి.

పట్టుబడితే ఏమవుతుందని అడిగారు. సెట్లు స్వాధీనం చేసుకోవడం, జరిమానా సాధారణం, జైలు శిక్షకు వీలున్న చట్టాలూ ఉన్నాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం వేరే. మీకు ఖాళీగా కనిపించిన ఫ్రీక్వెన్సీ అంబులెన్స్ సిబ్బందిదో, ట్రాక్ మీద భద్రత చూసే మార్షల్స్‌దో అయి ఉండవచ్చు. కారు మంటల్లో ఉన్న క్షణంలో 'టైర్లు ఎలా ఉన్నాయి' అన్న మీ మాట వాళ్ల పిలుపును మింగేస్తే, అప్పుడు మీ మీద వచ్చేది స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల) కేసు ఒక్కటే కాదు, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి పరిహారం దావా కూడా. అనుమతి లేని రేడియోతో ఆ కేసులో మీ తరఫున వాదించడం చాలా కష్టం.

రహస్యం గురించి కూడా ఒక మాట. సెట్ల మీద ప్రైవసీ కోడ్ అని రాసి ఉండేది ఇతరుల మాటలు మీకు వినపడకుండా చేస్తుంది, మీ మాటలు ఇతరులకు వినపడకుండా చేయదు. పోటీ టీమ్ వింటుందన్న టెన్షన్‌తో హ్యామ్ బ్యాండ్‌లో ఎన్‌క్రిప్షన్ (మాటను ఇతరులకు అర్థం కాని సంకేతంగా మార్చడం) పెట్టుకుంటే అది విడిగా ఇంకో ఉల్లంఘన.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. కొనేముందు రెండు సెట్లు అద్దెకు తెచ్చి, ప్రాక్టీస్ రోజున హెల్మెట్ పెట్టుకుని, ఇంజిన్ నడుస్తుండగా ట్రాక్ అంతా తిరిగి చూడండి. మినహాయింపు చానల్‌లో మాట తెలిస్తే అక్కడితో ఆగండి. మిగిలిన డబ్బు మంచి ఇయర్‌పీస్, స్టీరింగ్ మీద పెట్టే బటన్‌కు వాడండి. తెలియకపోతే వ్యాపార రేడియో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర రేసు రోజులకు మాత్రమే అద్దెకు తీసుకోండి. అప్పుడు ఆయన లైసెన్స్ నకలు అడగండి. అందులో ఫ్రీక్వెన్సీ, ఏ ప్రాంతంలో వాడవచ్చు, ఎన్ని సెట్లు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి చూసి, ఆ లైసెన్స్ కింద వాడుకోవడానికి మీకు అనుమతి ఇస్తున్నట్టు రాయించుకోండి. నోటి మాట మీద తీసుకోకండి. మొబైల్ సిగ్నల్ బాగా ఉన్న ట్రాక్‌లో ఫోన్ యాప్ ద్వారా మాట్లాడటం ఇంకా చవక, స్పెక్ట్రమ్ లైసెన్స్ గొడవ ఉండదు. మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే.

ఏది ఎంచుకున్నా నిర్వాహకుల నియమావళిలో రేడియోల పేరా చదవండి. మీరు వాడబోయే ఫ్రీక్వెన్సీని రేసుకు ముందే వాళ్లకు ఈమెయిల్‌లో రాసి, జవాబు దాచుకోండి. రేడియోలో పిట్ నుంచి ఏం చెప్పినా డ్రైవర్ పాటించాల్సింది మార్షల్ చూపిన జెండానే. 'వెళ్లమని పిట్ చెప్పింది' అన్నది రేసు తీర్పరులైన స్టీవార్డుల ముందూ చెల్లదు, కోర్టులోనూ చెల్లదు.