రెండో తరగతికొచ్చినా పదాలు కూడబలుక్కోలేకపోతున్న పాపకు ఇంట్లో ఏం చేయాలి?

మీ పాప గుణింతాలన్నీ గడగడా అప్పజెబుతుందని, పుస్తకంలో ఒక పదం చూపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తుందని రాశారు. టీచరు "ఇంట్లో చదివించండి" అన్నారు, మీరు రొయ్యల షెడ్డు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, ట్యూషన్ పెట్టాలా అని అడిగారు. మూడేళ్ల కిందట మా బాబుది అచ్చంగా ఇదే పరిస్థితి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. వాడిప్పుడు ఐదో తరగతి, కథల పుస్తకాలు చదువుతున్నాడు. కాబట్టి ముందు టెన్షన్ పడకండి.

మా వాడు చదవడం లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రోజూ పాఠం మొత్తం చదివేవాడు, నేను వింటూ కుట్టుకునేదాన్ని. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే వాడి వేలు రెండో లైన్లో ఉంది, నోరు నాలుగో లైన్లో ఉంది. అదంతా క్లాసులో విని పట్టేసిన బట్టీ. పాఠం మధ్యలోంచి ఒక పదం చూపిస్తే నోరు మెదపలేదు. మీరూ ఈ రాత్రి ఇలాగే ఒకసారి చూడండి. బొమ్మను చేత్తో మూసి, మధ్యలో ఒక పదం చూపించండి. తర్వాత "కొ" ఒక్కటే పలక మీద రాసి అడగండి. మా వాడు "క కా కి కీ" అని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే తప్ప "కొ" దగ్గరికి చేరలేకపోయేవాడు. పాట వచ్చు, గుర్తు రాదు.

అది వాడి బద్ధకం కాదు. మన లిపిలో ముప్పై ఐదుకు పైగా హల్లులు. ఒక్కోదానికి పన్నెండు గుణింతం గుర్తులు వేసుకున్నా నాలుగొందల రూపాలు దాటుతాయి, ఒత్తులు వేరే. అవన్నీ ఆరేళ్ల పిల్లల కంటికి అలవాటు కావాలంటే టైం పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా అర్థం చేసుకుంటూ చదవడానికి పెట్టిన గడువు మూడో తరగతి పూర్తయ్యేదాకా. మీ పాపకు ఇంకా టైం ఉంది.

నేను మొదట చేసిన తప్పులు కూడా చెబుతాను. గుణింతం పదేసి సార్లు రాయించాను, కొట్టాను కూడా. వాడికి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది, బడి మానేస్తానని ఏడ్చేవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ట్యూషన్‌కి నాలుగు నెలలు పంపాను. అక్కడ హోంవర్క్ పూర్తి చేయించి పంపేవారు, అంతే. చదవడం నేర్పే ట్యూషనైతే పెట్టండి, హోంవర్క్ కోసమైతే వద్దు.

దారి చూపించింది ఆ ఏడాది కొత్తగా వచ్చిన క్లాసు టీచరమ్మ. మూడు గుర్తులే పట్టుకోమన్నారు: దీర్ఘం, గుడి, కొమ్ము. అవి బాగా వచ్చేదాకా నాలుగోది ముట్టుకోవద్దన్నారు. వాడికి తెలిసిన వస్తువుల పేర్లే రాయమన్నారు. నేను పాత పెళ్లి కార్డుల వెనక రాసేదాన్ని: వల, పడవ, వరి, మడి, నారు, తాడు, కాలువ. రోజుకి నాలుగు కార్డులు, పావుగంట. వాడికి "పడవ" దగ్గరే చిక్కు వచ్చేది, ఎందుకంటే అందులో ప, వ రెండూ ఉన్నాయి. ప మీద తలకట్టు విడిగా నిలుస్తుంది, వ కి అతుక్కుని ఉంటుంది. అది వేలితో దిద్దించాక ఆ తడబాటు పోయింది. మీ పాప కూడా ఇలాంటి జంటల దగ్గరే ఆగుతుందేమో గమనించండి. మ-య, ద-ధ, బ-భ మా వాణ్ణి చాలా రోజులు ఇబ్బంది పెట్టాయి.

తర్వాత మాకు బాగా పనికొచ్చినవి ఆర్టీసీ బస్సు బోర్డులు. తాటిపాక సెంటర్లో బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా చదివించేదాన్ని. రాజోలు, తాటిపాక సులువు. అమలాపురం, మలికిపురం, నరసాపురం వరసగా చూశాక "పురం" అనే ముక్క వాడికి ఒకే చూపులో తెలిసిపోయింది. భీమవరం, అంబాజీపేట ఆ తర్వాత. ఒత్తులు మొదలుపెట్టాక కొత్తపేట, పాలకొల్లు. ముక్తేశ్వరం, అంతర్వేది అన్నిటికన్నా చివర. "అంతర్వేది" తనంతట తాను చదివిన రోజు బస్సెక్కి కండక్టరుగారికి కూడా చెప్పాడు. మీ ఊరి రూట్లో పేర్లు కూడా ఇలా సులువు నుంచి కష్టానికి వరస పెట్టుకోండి. బోర్డు ముందుకు వెళ్లిపోయేలోపు చదవాలని కంగారు పెట్టకండి, ఆగి ఉన్న బస్సే చూపించండి.

రాత్రి చీకటి పడ్డాక వస్తానన్నారు కదా, మీ ఇంట్లో మామ్మగారు ఉన్నారా? మా అత్తగారికి చదువు రాదు. అయినా మా వాడికి చదవడం పట్టుబడడంలో సగం పుణ్యం ఆవిడదే. నేను పక్కనుంటే తప్పు రాగానే దిద్దేసేదాన్ని, వాడు పుస్తకం మూసేసేవాడు. ఆవిడ దిద్దలేరు కాబట్టి ఊరికే వింటారు. వాడోసారి "పడవ ఎగిరింది" అని చదివితే "అదేంట్రా, పడవ ఎగరడమేంటి?" అన్నారు. వాడు మళ్లీ చూసుకుని "కాదు మామ్మా, పావురం" అన్నాడు. అర్థం కుదరకపోతే వెనక్కి వెళ్లి చూసుకోవాలని వాడికి అలా తెలిసింది. అది నేనెంత అరిచినా నేర్పలేకపోయాను. మీరు వచ్చాక పది నిమిషాలు మీరే ఏదైనా కథ చదివి వినిపించండి, పాప చేత చదివించకండి. రోజంతా నిలబడి పనిచేసి వచ్చినవారికి అదైనా కష్టమేనని తెలుసు, కుదిరిన రోజుల్లోనే చేయండి. పుస్తకాలు కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, స్థాయిల వారీగా పెట్టారు. ఒకటో స్థాయితో మొదలుపెట్టండి.

పాప సర్కారు బడిలో చదువుతుంటే లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ఇంట్లో ముందు తెలుగు పేజీ చూడనివ్వండి. విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీ అంత భయపెట్టదు.

టీచరుగారిని "మా పాప ఎలా చదువుతోంది" అని అడిగితే "పర్లేదు" అనే వస్తుంది. "అక్షరం దగ్గర ఆగుతోందా, పదం దగ్గరా, వాక్యం దగ్గరా?" అని అడగండి. ఇంట్లో ఏ గుర్తులు చేయిస్తున్నారో కూడా చెప్పండి, క్లాసులో వాటినే పలికిస్తారు. చాలామంది టీచర్లు ఇలా అడిగితే సంతోషిస్తారు.

ఒకసారి కళ్లు చూపించండి, వినికిడి కూడా. మసగ్గా కనిపిస్తోందని పిల్లలకు చెప్పడం రాదు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. నాలుగైదు నెలలు రోజూ చేసినా తెలిసిన అక్షరాలే మళ్లీ మళ్లీ మరచిపోతుంటే బడికి వచ్చే ఆరోగ్య బృందానికి గానీ పిల్లల డాక్టరుకి గానీ చెప్పండి. చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉండే పిల్లలు ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని కూడా గుర్తించింది, అలాంటి పిల్లలకు నేర్పే పద్ధతులు వేరే ఉన్నాయి. దాచుకోవాల్సిన విషయం కాదండి.

ఈ వారంలో, పాఠం మధ్యలోంచి ఒక పదం చూపించే ఆ పరీక్ష ఒక్కటి చేసి, పాప ఏ అక్షరాల దగ్గర, ఏ గుర్తుల దగ్గర ఆగిందో ఇక్కడ రాయండి. వాటితో కార్డుల మీద రాసుకోవడానికి ఓ ఇరవై మాటలు నేను రాసిస్తాను.