నా చేలో నేను కొట్టిన మందుకు నా మీద కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. పోయిన వారం మండల వ్యవసాయ అధికారి మరో ఇద్దరితో కలిసి చేలోకి వచ్చి, కోతకొచ్చిన కాయలు కొన్ని సంచిలో వేసుకున్నారు. ఇప్పటిదాకా ఏయే మందులు కొట్టానో రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. సగం వాడిన డబ్బా ఒకటి ఫొటో తీసి, అది మిర్చికి సిఫారసు లేని మందు అన్నారు. షాపువాళ్లు బిల్లు ఇవ్వలేదు, తెల్ల చీటీ మీద రాసిచ్చారు. కాయల్లో మందు అవశేషాలు ఎక్కువ ఉన్నాయని తేలితే నా మీద కేసు పెడతారా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, సొంత సాగులో మందు వాడినందుకు మీ మీద పురుగుమందుల చట్టం కింద కేసు నిలబడే అవకాశం నాకు కనిపించడం లేదు. పురుగుమందుల చట్టం, 1968లోని 38వ సెక్షన్, ఒక వ్యక్తి తన ఇంటి అవసరాలకో, పెరటి తోటకో, తన సాగులో ఉన్న భూమికో పురుగుమందు వాడుకుంటే ఆ వాడకానికి ఈ చట్టంలోని ఏదీ వర్తించదని చెబుతుంది. అక్కడ ‘సాగులో ఉన్న భూమి’ అన్నారే తప్ప ‘సొంత భూమి’ అనలేదు కాబట్టి, పట్టా మీ పేరున లేకపోయినా కౌలు రైతుగా మీకు ఈ మినహాయింపు వర్తిస్తుందని నా అభిప్రాయం. కౌలు కాగితం ఉంటే భద్రంగా ఉంచుకోండి. నోటిమాట మీద నడిచే కౌలు అయితే, సాగు చేస్తున్నది మీరేనని చూపే ఏ చిన్న రుజువైనా పనికొస్తుంది.

ఈ చట్టం గురి ప్రధానంగా తయారీదారు మీద, డీలరు మీద ఉంటుంది. పురుగుమందుల ఇన్‌స్పెక్టరు (మన దగ్గర సాధారణంగా వ్యవసాయ అధికారులకే ఈ హోదా ఉంటుంది) 22వ సెక్షన్ కింద తీసే నమూనా మందుకు సంబంధించినది, కాయలకు సంబంధించినది కాదు. అలా తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలి, మీ ఎదుటే మూడు భాగాలు చేసి సీలు వేయాలి, మీ గుర్తు కూడా వేసుకోనివ్వాలి, ఒక భాగం మీకివ్వాలి. మీ చేలో ఇదేమీ జరగలేదు, డబ్బాను ఫొటో తీశారంతే. ఆ చట్టం కింద ఎవరి మీద కేసు వేయాలన్నా రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన వ్యక్తి గానీ స్వయంగా వేయాలి, లేదా వారి లిఖితపూర్వక అనుమతి ఉండాలని 31వ సెక్షన్ చెబుతున్నది.

మరి కాయలు ఎందుకు తీసుకెళ్లారన్న సందేహం రావడం సహజం. కేంద్ర వ్యవసాయ శాఖ 2005-06 నుంచి దేశవ్యాప్తంగా పురుగుమందుల అవశేషాల పర్యవేక్షణ పథకం నడుపుతున్నది. కూరగాయలు, పండ్లు, సుగంధ ద్రవ్యాలు వంటివాటి నమూనాలను మార్కెట్ల నుంచి, పొలాల నుంచి సేకరించి ప్రయోగశాలలకు పంపుతారు. ఏ పంటలో ఏ మందు మిగిలిపోతున్నదో తెలుసుకుని సలహాలివ్వడం దాని ఉద్దేశం. మీ కాయలు ఆ పథకం కోసమే వెళ్లాయో, వేరే పని మీద వెళ్లాయో మీరు రాసినదాన్ని బట్టి చెప్పలేను. మండల కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఏ నిబంధన కింద నమూనా తీశారు, ఏ ల్యాబుకు పంపారు, ఫలితమేమిటి అని అడగండి. మీరు సంతకం పెట్టిన కాగితం నకలు కూడా అడగండి. చదవకుండా సంతకం పెట్టి, తర్వాత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చే రైతులు ఏటా ఎందరో ఉంటారు. 30 రోజుల్లో జవాబివ్వడం వారి బాధ్యత.

ఆహార భద్రత చట్టం సంగతి కూడా చూద్దాం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 21వ సెక్షన్ పరిమితికి మించిన అవశేషాలున్న ఆహారాన్ని నిషేధిస్తుంది. అదే చట్టంలోని 18(3) మాత్రం రైతులను, సేద్యపు పనులను, పొలం స్థాయిలో రైతు పండించిన పంటను చట్టం పరిధి నుంచి తప్పించింది. ఎండబెట్టిన మిర్చిని బస్తాల్లో కట్టి యార్డులో అమ్మినంతవరకు మీకు ఈ రక్షణ ఉంటుందనే నేను భావిస్తాను. మీరే కారం పట్టించి, ప్యాకెట్లు కట్టి, పేరు వేసి అమ్మితే అది ఆహార వ్యాపారం అవుతుంది. అప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి, అవశేషాల పరిమితులూ వర్తిస్తాయి.

సొంత వాడకం అన్న ఈ మినహాయింపు ఎక్కడ తెగిపోతుందో కూడా గమనించండి. మిగిలిన ఆ సగం డబ్బాను పక్క చేను రైతుకు డబ్బు తీసుకుని ఇస్తే అది అమ్మకమే. లైసెన్సు లేకుండా పురుగుమందు అమ్మరాదు. కూలికి మీ స్ప్రేయరు వేసుకుని ఇతరుల చేలకు మందు కొట్టినా ‘తన సాగు’ అన్న మాట మీకు అక్కరకు రాదు. ఇక, మందు కొట్టేందుకు పెట్టుకున్న కూలీకి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు ఇవ్వకుండా దింపి, అతనికి ప్రాణాపాయం తెచ్చిపెడితే పురుగుమందుల చట్టంతో పని లేకుండానే, విష పదార్థం విషయంలో నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ మీ మీదకు రావచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఆ తెల్ల చీటీ. బిల్లు గానీ క్యాష్ మెమో గానీ ఇవ్వడం డీలరు విధి. ఇవ్వకపోతే లైసెన్సు షరతుల ఉల్లంఘన కింద అతని లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. రేపు యార్డులో మీ సరుకును అవశేషాల పేరుతో కొనకపోయినా, మందు నాసిరకమై పంట దెబ్బతిన్నా, నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సాగు కోసం విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని జాతీయ విత్తనాల సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. పురుగుమందు కొన్న రైతుకూ అదే తర్కం వర్తిస్తుందని నేను వాదిస్తాను. ఫిర్యాదుకు గడువు, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. కానీ ఏ మందు, ఏ షాపు, ఏ రోజు అని చూపడానికి మీ చేతిలో ఉన్నది ఆ చీటీ, ఆ డబ్బా మాత్రమే. అందుచేత డబ్బాను కడిగి పారేయకండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, విష తీవ్రతను తెలిపే ఎర్ర త్రిభుజమో పసుపు త్రిభుజమో కనబడేలా ఫొటో తీయండి. మందు అందులోనే ఉంచి, పిల్లలకు అందనిచోట తాళం వేయండి. షాపుకు వెళ్లి పాత తేదీతో బిల్లు రాయమని మాత్రం అడగకండి. ఆ కల్పిత బిల్లు కమిషన్ ముందు మీ మాటకున్న విలువను పోగొడుతుంది. కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, చెల్లింపు ఫోన్ ద్వారా జరిగితే ఆ వివరం, ఇవన్నీ పేర్కొంటూ డీలరుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, బిల్లు ఎందుకు ఇవ్వలేదో అడిగి, ఒక ప్రతిని మండల వ్యవసాయ అధికారికి అందజేసి, మీ ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.