మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నాక ఉన్నట్టుండి తలనొప్పి, బీపీ: పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం మెడ దగ్గర వెన్నుపాము సి-6 భాగంలో దెబ్బతింది. మూత్రానికి ట్యూబు ఉంది. వారానికి ఒకట్రెండు సార్లు ఉన్నట్టుండి తల పగిలిపోతోందంటాడు. ముఖం ఎర్రబడి చెమటలు కారతాయి, బీపీ 160 దాటుతుంది. పడుకోబెట్టి, నాన్న వాడే బీపీ మాత్ర ఇస్తున్నాం. ఎందుకిలా అవుతోంది?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియావే అనిపిస్తోంది. అంటే దెబ్బకు కింది శరీరంలో ఏదైనా ఇబ్బంది కలిగితే బీపీ ఉన్నట్టుండి అదుపు తప్పి పెరగడం. వెన్నుపాము టి-6 (ఛాతీ మధ్య భాగం) దగ్గర గానీ అంతకు పైన గానీ దెబ్బతిన్నవారిలో ఇది వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే ఫిట్స్, మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు. అలాంటప్పుడు ఇకపై అతన్ని పడుకోబెట్టకండి, బీపీ ఇంకా పెరుగుతుంది. నాన్నగారి మాత్ర కూడా వద్దు. అది పనిచేసేలోపు అసలు కారణం తొలగిపోతే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

మూత్రాశయం నిండి ఉబ్బినా ఆ బాధ అతనికి తెలియదు. కానీ దెబ్బ కింది భాగంలోని సింపథెటిక్ నరాలు (రక్తనాళాలను బిగించే నరాలు) రెచ్చిపోయి పొట్ట, కాళ్లలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది. దాన్ని తగ్గించమని మెదడు పంపే ఆదేశం దెబ్బ దాటి కిందికి దిగదు. అందుకే పైన చెమట, ఎరుపు, ముక్కు దిబ్బడ. కింద చల్లగా పాలిపోయిన చర్మం. నాడి నెమ్మదించనూ వచ్చు.

మెడ దగ్గర దెబ్బతిన్నవారికి మామూలుగా పై బీపీ 90-110 మధ్యే ఉంటుంది. దానికన్నా 20-40 పెరిగితే చాలు, ప్రమాదమే. కాబట్టి బాగున్న రోజుల్లో అతని బీపీ ఎంతో చూసి రాసిపెట్టుకోండి.

లక్షణాలు మొదలవగానే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీయండి. బెల్టు, పొట్ట పట్టీ, సాక్సులు, యూరిన్ బ్యాగు పట్టీ వదులు చేయండి. రెండు నుంచి ఐదు నిమిషాలకోసారి బీపీ చూడండి.

తర్వాత ట్యూబు. చాలాసార్లు దోషం ఇక్కడే దొరుకుతుంది. మెలిక పడిందా, తొడ కింద నలిగిందా, బ్యాగు నిండిందా, మూత్రాశయం కన్నా ఎత్తులో ఉందా చూడండి. అవేవీ కాకుండా మూత్రం రాకపోతే లోపల మడ్డి అడ్డుపడి ఉంటుంది. నర్సు నేర్పించి ఉంటేనే శరీరమంత వెచ్చని సెలైన్ 10-15 మిల్లీలీటర్లు మెల్లగా ఎక్కించండి. ఎక్కువ ఎక్కిస్తే, పొట్ట నొక్కితే బీపీ ఇంకా ఎగబాకుతుంది. అయినా కదలకపోతే ట్యూబు మార్చాలి. మార్చేవారు ముందు లిగ్నోకెయిన్ జెల్లీ (మొద్దుబార్చే మందు) వేసి రెండు నిమిషాలు ఆగాలి.

ట్యూబు బాగానే ఉంటే మలబద్ధకాన్ని అనుమానించాలి. మలద్వారంలో అదే జెల్లీ వేసి ఐదు నిమిషాలైనా ఆగాకే వేలితో పరీక్షించాలి, బీపీ పెరిగితే వెంటనే ఆపేయాలి. అదీ కాకపోతే ఒత్తిడి పుండ్లు, లోపలికి పెరిగిన కాలిగోరు, కాలిన గాయం కోసం తల నుంచి కాళ్ల దాకా వెతకాలి.

కారణం దొరకకపోయినా, దొరికి సరిచేశాక కూడా లక్షణాలు తగ్గకపోయినా, పై బీపీ 150 గానీ ఆపైన గానీ ఉన్నా ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవండి. కూర్చోబెట్టే తీసుకెళ్లండి. ఆసుపత్రిలో బీపీని త్వరగా దించే నైట్రోగ్లిజరిన్ ఇచ్చే అవకాశం ఉంది. అతను సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి అంగస్తంభన మందులు వాడి ఉంటే ముందే చెప్పాలి. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. తగ్గాక కూడా కనీసం రెండు గంటలు బీపీ గమనిస్తూ ఉండండి.

వారానికి ఒకట్రెండు సార్లు వస్తోందంటే తీసేయదగ్గ కారణమేదో ఉందన్నమాట. మూత్ర పరీక్ష, మూత్రాశయంలో రాళ్ల కోసం అల్ట్రాసౌండ్ చేయించండి, ట్యూబు ఎన్ని రోజులకు మార్చాలో యూరాలజిస్టును అడగండి. సమస్య పేరు, దెబ్బ సి-6 అని, మామూలు బీపీ ఎంతో ఒక కార్డు మీద రాసి అతని దగ్గరే ఉంచండి. 140 బీపీ చూసి పర్వాలేదని వెనక్కి పంపకుండా ఆ కార్డు ఆపుతుంది.