లెంట్‌లో ఏడుపు రాకపోతే నా పశ్చాత్తాపం అబద్ధమా?

లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే పశ్చాత్తాప కాలంలో, ఉపవాసం ఉంటున్నాను, ప్రార్థనకు వెళ్తున్నాను, పక్కవాళ్లు వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు మాత్రం చుక్క కన్నీరు రాదు, నాది నటనేనా అని మీరు అడిగారు. నాకు ఏడుపు బాగా వచ్చేది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ఆఫీసులో ఒకసారి నా ఫైల్లో తప్పు దొర్లింది. మేనేజర్ అడిగితే "చివర్లో చూసింది తనే సార్" అని నా జూనియర్ పేరు చెప్పాను. చూసిన మాట నిజమే. తప్పు మాత్రం నాది. అతను అందరి ముందూ తిట్లు తిన్నాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

తర్వాత వచ్చిన లెంట్ 2019లోది. మార్చి 6న భస్మ బుధవారం, లెంట్ మొదలయ్యే రోజు. ఆరాధనలో మత్తయి 6వ అధ్యాయం చదివారు. ఉపవాసం ఉన్నట్టు మనుషులకు కనబడేలా ముఖం పెట్టుకోవద్దని యేసు చెప్పిన మాటలు. అవి విన్న పావుగంటకే నుదుట బూడిద పెట్టించుకుని బయటికొచ్చాం, అది వేరే సంగతి. ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. ఒక్కటీ తప్పకుండా ఉపవాసం ఉన్నాను. రోజూ 51వ కీర్తన, దావీదు రాజు పశ్చాత్తాప ప్రార్థన, చదివేవాణ్ని, చదివినప్పుడల్లా కళ్లు తడిసేవి. లేచాక మనసు తేలికపడేది. మర్నాడు ఆఫీసులో అతను ఎదురైతే మళ్లీ బరువెక్కేది.

ఆ కీర్తనలోనే నేనొక దారి వెతుక్కున్నాను. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు దావీదు. సరే, దేవునికి చెప్పేశాను కదా, మనిషికి చెప్పాల్సిన పనేముంది అనుకున్నాను. ఒకరోజు పైన చిన్న అక్షరాల్లో ఉన్న శీర్షిక మీద చూపు పడింది. దావీదు పరాయివాడి భార్య బత్షెబ దగ్గరికి వెళ్లిన సంగతి, ఆ పాపాన్ని ఎత్తిచూపిన నాతాను ప్రవక్త వచ్చిన సంగతి, అంతా అక్కడే ఉంది. పైగా అది ప్రధాన గాయకునికి ఇచ్చిన పాట. అంటే తన పాపం సంగతి తలమీద పెట్టుకున్న పాటను పదిమంది పాడటానికి ఇచ్చినట్టు. దేవునికి మాత్రమే చెప్పి దాచుకున్నవాడి పని కాదది.

అప్పుడే దావీదుకు ముందు రాజైన సౌలు కథ మళ్లీ చదివాను, సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయం. దేవుని ఆజ్ఞ మీరి దొరికిపోయాక అతనూ "నేను పాపము చేసితిని" అనే అంటాడు. కాకపోతే ముందు జనం మీదికి నెట్టాడు, తర్వాత వాళ్లకు భయపడ్డానన్నాడు, చివరికి పాపం చేశాను, అయినా పెద్దల ఎదుట నా పరువు నిలబెట్టు అని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. దావీదు నాతానుతో అన్నదీ ఆ మాటే, యెహోవాకు విరోధంగా పాపం చేశానని. అక్కడితో ఆపాడు. ఆ "అయినా" దగ్గర నేను పట్టుబడిపోయాను. నా ప్రార్థనల నిండా అదే. తప్పే ప్రభువా, కానీ ఆ రోజు ఎంత టెన్షన్‌లో ఉన్నానో నీకు తెలుసు కదా.

ఆ రాత్రి అతనికి మెసేజ్ రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి ఫోన్ స్క్రీన్ నిండిపోయింది. "కానీ" తర్వాత ఉన్నదంతా చెరిపేశాను. "అప్పటి పరిస్థితుల్లో" కూడా తీసేశాను. చివరికి మిగిలింది రెండు వాక్యాలు: "ఆ తప్పు నాది. నీ మీద వేశాను, క్షమించు." అది పంపడానికి పట్టిన ధైర్యం, నలభై రోజుల ఉపవాసానికి పట్టలేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది. "చూశాను అన్నా." అంతే. లోపల నాకు కోపం కూడా వచ్చింది, ఇంత తగ్గితే ఇంతేనా అని! ఒప్పుకున్నందుకు కూడా మెప్పు ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. యేసు చెప్పిన కథలో తన భక్తిని పొగుడుకునే పరిసయ్యుడు, పాపినని రొమ్ము కొట్టుకునే సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ఉంటారు. ఆ పరిసయ్యుడు దేవాలయంలోంచి వెళ్లిపోయాడనుకుంటాం గానీ, సుంకరిలాగా రొమ్ము కొట్టుకుంటూ కూడా నాలోనే నిలబడి ఉన్నాడు.

మేనేజర్‌కి చెప్పడం ఇంకా మిగిలింది. బైబిల్లో జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నేను పోగొట్టిన పేరు నాలుగంతలు ఎలా ఇస్తాను? ఒకంతైనా ఇద్దామని వెళ్లి చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు. మేనేజర్ దగ్గర నా మాటకు మునుపటి విలువ చాలాకాలం లేదు.

మీ విషయంలో ఎవరికి చెప్పాలో, చెబితే మూడో మనిషికి హాని జరుగుతుందేమో నాకు తెలియదు. అలాంటిదైతే ముందు మీ పాస్టర్‌తోనో ఫాదర్‌తోనో మాట్లాడండి. కన్నీళ్ల లెక్క మాత్రం వదిలేయండి. మన బైబిల్లో పశ్చాత్తాపానికి వాడిన మాట మారుమనస్సు, ఏడుపు కాదు. మీ ప్రార్థనలో "కానీ" ఎక్కడొస్తుందో ఒకసారి వినండి.

అతను ఇప్పటికీ నాతో పని మాటలే మాట్లాడతాడు. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ఆరాధనలో మూడు గంటలూ కూర్చున్నాను. కళ్లు తడవలేదు.