కార్ ట్రైలర్ లాగడానికి మీ బండి సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

140 బీహెచ్‌పీ డీజిల్ ఎస్‌యూవీ ఉంది, నాలుగు చక్రాల ట్రైలర్ అద్దెకు దొరికింది, దానిమీద హ్యాచ్‌బ్యాక్‌ని ఎక్కించి విశాఖ గాజువాక నుంచి అరకు తీసుకెళ్లొచ్చా అని అడిగారు. బీహెచ్‌పీ, టార్క్ అంకెలు చూసి దీనికి జవాబు చెప్పలేం. ఇప్పటి డీజిల్ ఇంజన్ టన్నున్నర బరువుని తేలిగ్గానే కదిలిస్తుంది. దారిలో ఉన్న అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఆ బరువుని బ్రేకులు ఆపాలి, వెనక ఇరుసు మోయాలి, ఎక్కేటప్పుడు క్లచ్ కాలిపోకుండా ఉండాలి. వీటన్నిటికీ విడివిడిగా పరిమితులుంటాయి. వాటిలో ఏది తక్కువో అదే మీ హద్దు.

ముందు ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తియ్యండి. బ్రేకులున్న ట్రైలర్‌కి ఎంత, బ్రేకుల్లేని ట్రైలర్‌కి ఎంత, టో బాల్ (బండి వెనక ట్రైలర్‌ని తగిలించే గుండు) మీద కిందికి పడే భారం ఎంత అన్న మూడు అంకెలు కావాలి. యూరప్‌లో బ్రేకుల్లేని ట్రైలర్‌కి, సరుకుతో కలిపి, 750 కిలోలే హద్దు. ఖాళీ కార్ ట్రైలరే అర టన్ను ఉంటుంది కాబట్టి బ్రేకుల్లేని ట్రైలర్ మీద కారు ఎక్కించే ఆలోచనే వద్దు. ఈ బండితో ట్రైలర్ లాగకూడదని మాన్యువల్‌లో రాసి ఉంటే ఇక ముందుకి వెళ్లకండి. ఇదే మోడల్ విదేశాల్లో రెండు టన్నులు లాగుతోందని చూపే వీడియోల్ని లెక్కలోకి తీసుకోవద్దు. పేరు ఒకటే అయినా రేడియేటర్, గేర్ నిష్పత్తి, ఛాసిస్ బిగింపులు వేరుగా ఉండొచ్చు.

తర్వాత డోర్ దగ్గరో బానెట్ కిందో ఉండే ప్లేటు చూడండి. యూరప్ పద్ధతి ప్లేటులో మొదటి అంకె బండి గరిష్ఠ బరువు, రెండోది బండీ ట్రైలరూ కలిపి గరిష్ఠ బరువు, ఆ తర్వాతవి ముందు, వెనక ఇరుసుల హద్దులు. ఆ పద్ధతి ప్లేటులో రెండో అంకె లేకపోతే ఆ బండికి టోయింగ్ అనుమతి లేనట్టే.

ఇప్పుడు ఒక ఉదాహరణ. మనుషులతో, ఫుల్ ట్యాంకుతో ఎస్‌యూవీ 2,230 కిలోలు తూగిందనుకుందాం. కలిపి 3,900 దాకా అనుమతి ఉంటే ట్రైలర్‌కి 1,670 మిగులుతుంది. ట్రైలర్ 560, కారు 940, స్టెప్నీ, కారుని ట్రైలర్‌కి బిగించి కట్టే రాట్చెట్ బెల్టులు, జాకీ కలిపి 40, మొత్తం 1,540. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మాన్యువల్‌లో బ్రేకులున్న ట్రైలర్‌కి 1,500 అని ఉంటే 40 కిలోలు ఎక్కువైనట్టే, అంటే కుదరదు. ఆర్‌సీలో ఉన్న ఖాళీ బరువుతో ఈ లెక్క వెయ్యకండి, కారులో ఉన్న పెట్రోలూ డిక్కీలో సామానూ అందులో కలవవు. ఆటోనగర్ వైపు లారీలు తూచే వేబ్రిడ్జి మీదకి తీసుకెళ్లండి. ముందు ఎస్‌యూవీ ఒక్కదాన్నీ తూచాలి. ట్రైలర్ తగిలించాక మొత్తం ఒకసారి, ఎస్‌యూవీ వెనక చక్రాలు మాత్రమే ఒకసారి, ట్రైలర్ చక్రాలు మాత్రమే ఒకసారి తూచి చీటీలు తీసుకోండి.

వెనక ఇరుసు దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. బాల్ మీద 100 కిలోలు పడితే వెనక ఇరుసుకి 100 మాత్రమే పెరగదు. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2.7 మీటర్లు, ఇరుసు నుంచి బాల్ 1.1 మీటర్లు వెనక ఉంటే ఆ ఇరుసు మీద సుమారు 141 పెరుగుతుంది, ముందు చక్రాల మీద 41 తగ్గుతుంది. స్టీరింగ్ తేలిపోయినట్టుండడానికీ, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో పడడానికీ కారణం ఇదే.

అలాగని బాల్ మీద భారం మరీ తగ్గించినా ప్రమాదమే. ట్రైలర్ వెనక బరువెక్కితే హైవే మీద లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు పాములా ఊగడం మొదలుపెడుతుంది. మొత్తం ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది యూరప్ వాడుక, అమెరికాలో 10 నుంచి 15. ఏది పాటించినా మాన్యువల్ హద్దు దాటకూడదు. 1,540కి 7 శాతమంటే 108. హద్దు 100 అయితే కారుని ట్రైలర్ మీద కొంచెం వెనక్కి జరిపి మళ్లీ తూచాలి. వేబ్రిడ్జి 10, 20 కిలోల అంచెల్లో చూపిస్తుంది కాబట్టి ఇంత చిన్న బరువుకి పనికిరాదు. ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషన్ మీద చెక్కదిమ్మ నిలబెట్టి, దానిమీద కప్లర్ (బాల్‌ని పట్టుకునే ట్రైలర్ ముందు కొస) ఆనించి, ట్రైలర్ సమంగా ఉన్నప్పుడు అంకె చూడండి.

హిచ్, అంటే బాల్‌ని మోసే ఇనుప చట్రం, బంపర్‌కి కాకుండా ఛాసిస్‌కి బిగించి ఉండాలి, దానిమీద రేటింగ్ ప్లేటు ఉండాలి. ప్లేటు మీద డి విలువ (హిచ్ తట్టుకోగల లాగుడు బలం) ఉంటే ఈ లెక్క వెయ్యండి: ఎస్‌యూవీ గరిష్ఠ బరువునీ ట్రైలర్ బరువునీ టన్నుల్లో గుణించి, వాటి కూడికతో భాగించి, 9.81తో గుణించాలి. 2.5, 1.54 టన్నులకి 9.35 కిలోన్యూటన్లు వస్తుంది, ప్లేటు మీద అంతకంటే తక్కువ ఉండకూడదు. బాల్ 50 మిల్లీమీటర్లది అయితే వెర్నియర్‌తో కొలవండి, 49కి అరిగిందంటే మార్చెయ్యాలి. 50 కప్లర్‌ని 47.6 బాల్ మీద పెడితే పట్టినట్టే ఉంటుంది, గుంతలో ఎగిరి ఊడిపోతుంది. సముద్రం గాలికి ఇక్కడ బోల్టుల్ని, బ్రాకెట్లని లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. పైన పెయింట్ చూసి నమ్మకుండా సుత్తితో తట్టి చూడాలి.

బ్రేక్ ఆయిల్ గురించి గట్టిగా చెప్తున్నాను. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, విశాఖలో తేమకి కొరత లేదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఘాట్‌లో ఆయిల్ మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. రెండేళ్లు దాటి ఉంటే బయల్దేరే ముందే మార్పించండి. దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగాలి. ట్రైలర్‌కి ఓవర్‌రన్ బ్రేకులైతే (ట్రైలర్ బండిని ముందుకి నెట్టినప్పుడు వాటంతటవే పట్టేవి) వాలులో అవి అదేపనిగా పట్టి వేడెక్కుతాయి, మధ్యలో ఆపి చల్లారనివ్వండి.

టైర్ల మీద లోడ్ ఇండెక్స్ చూడండి: 84 అంటే ఒక్కో టైరుకి 500 కిలోలు, 91 అంటే 615. ట్రైలర్‌కి సొంత ఆర్‌సీ, నంబరు ప్లేటు, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో అడగండి, మీ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఫోన్ చేసి టోయింగ్‌కి కవర్ ఉందో కనుక్కోండి.

లెక్కలన్నీ హద్దు కంటే కనీసం 15 శాతం తక్కువగా ఉంటే ఆనందపురం–అనకాపల్లి బైపాస్ లాంటి చదును రోడ్డు మీద నేనైతే సరే అంటాను. అరకు ఘాట్‌కి మాత్రం, అందులోనూ మొదటిసారి లాగేవాళ్లకి, కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ రికవరీ వెహికల్ మాట్లాడుకోమనే నా సలహా. చదును రోడ్డు మీద మీరే లాగితే మొదటి 50 కిలోమీటర్లయ్యాక ఆపి వీల్ నట్లు, హిచ్ బోల్టులు, బెల్టుల బిగింపు మళ్లీ చూసుకోండి.